అడుగు కనిపించే నీళ్లు

ఆగస్టు 29

నన్ను అక్కడికి వెళ్లొద్దని ఇష్తియాక్ మళ్లీ చెప్పాడు. "అంత ఎత్తు మీకు పడదన్నా. వెళ్లినా చూసేదేముంది, రాళ్లూ నీళ్లూ." రాళ్లూ నీళ్లే అయితే రెండేళ్లుగా అడ్డం పడటం దేనికి? బందరు కాలువ మీద ముప్పై నాలుగేళ్లు లస్కరుగా నీళ్ల కాపలా కాసినవాణ్ణి. దొంగచాటుగా తూము ఎత్తుకున్న ప్రతి రైతూ నాతో ఇదే మాట అనేవాడు: "ఈ ఎండలో అక్కడిదాకా ఎందుకండీ, చూసేదేముంది?" అంత మర్యాదగా అన్నాడంటే తూము ఎత్తి ఉన్నట్టే. నేను సైకిలు అటే తిప్పేవాణ్ణి.

వచ్చే పద్నాలుగుకి మా తమ్ముడు జాన్సన్ పోయి రెండేళ్లు. ఆపిల్ లోడుకని వాడూ ఇష్తియాకూ ఒకే లారీలో హిమాచల్ వెళ్లారు. కొండచరియ పడి దారి మూసుకుపోయింది. ఊరికే కూర్చోలేక పైనున్న చెరువు చూడ్డానికి ఎక్కారట. ఇద్దరు ఎక్కారు. ఒకడు దిగాడు.

ఆగస్టు 30

"చివరగా ఏమన్నాడ్రా?" అని ఇవాళ కూడా అడిగాను.

"ఏమీ అనలేదన్నా."

మావాడు నిద్రలో కూడా మాట్లాడేవాడు.

ఆగస్టు 31

ఆటోనగర్‌లో జక్కయ్య టీ కొట్టు దగ్గర ఎవరో బ్యాటరీల ఆయన కొత్తగా వచ్చాడు. అడిగితే మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నాకు చెప్పాలని ఉండదు. అడుగుతారు.

"కొండమీద చెరువు గట్టున నుంచున్నామన్నాడండీ. గట్టు! గట్టంటే ఏంటి? మట్టి పొయ్యాలి, తడపాలి, దిమ్మిసతో కొట్టాలి. మనిషి తిరగని కొండమీద గట్టు ఎవడేశాడండీ?"

ఇక్కడ ఆగాలి. టీ ఒక గుక్క తాగాలి. తొందరపడితే కథ చెడుతుంది.

"బందరు కాలువని ఆరేళ్లప్పుడే ఈదినవాడు రెండెకరాల గుంటలో మునిగిపోయాడంట."

"అంటే తోసేశాడంటారా?" అన్నాడు బ్యాటరీల ఆయన.

"నేనెక్కడన్నానండీ!" అన్నాను. రెండేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట ఎదుటివాడి నోటినుంచే రావాలి.

నాలుగు కొట్ల అవతల ఇష్తియాక్ రేడియేటర్లకు మాట్లు వేస్తూ కూర్చుని ఉన్నాడు. లారీ వదిలేశాక అదే వాడి పని. కారుతోందో లేదో చూడ్డానికి రేడియేటర్‌ని నీళ్ల తొట్టిలో ముంచి పట్టుకుంటాడు. "ముంచడం వాడికి అలవాటేగా" అన్నాడు జక్కయ్య. అందరూ నవ్వారు. చెరువు ఇష్తియాక్ అనే పేరు కూడా జక్కయ్య పెట్టిందే, నేను కాదు. పని బాగా తగ్గిందట. వాళ్లావిడ ఆమినాబీ నన్ను చూసి పలకరించడం మానేసింది. మానెయ్యడానికి ఆమెకేం తెలుసో!

సెప్టెంబరు 2

మరదలు తెరేసమ్మ ఇనప సిలువ చేయించింది. ఆటోనగర్‌లోనే వెల్డింగు, మూడడుగులు, జాన్సన్ పేరు పసుపు రంగులో. దారి తెగి ఉండటంతో వాణ్ణి అక్కడే పూడ్చేశారు. తీసుకురాలేదు. తీసుకురాలేకపోయామని ఇష్తియాక్ అంటాడు.

"ఇది ఆయన తలాపున పాతి రండి బావగారూ. మీరు అందరికీ చెప్తున్నది నిజమే అయితే కళ్లారా చూసి రండి. కాకపోతే అది కూడా చూసే రండి."

ఒక్కణ్ణే పోతానని ఇష్తియాక్‌తో చెప్పాను. హిందీ రాదు, మోకాళ్ల నొప్పులు, అయినా పోతానన్నాను. సాయంత్రానికి రెండు టికెట్లు పట్టుకొచ్చాడు. రెండేళ్లు వద్దన్నవాడు పూటలో ఒప్పుకున్నాడు. ఒక్కణ్ణే పోతే అక్కడ ఎవరు ఏం చెప్తారోనని భయం కాకపోతే ఏంటి?

సెప్టెంబరు 9

రైలు. గోనెసంచిలో ఉన్నదేమిటని రైల్వే పోలీసు అడిగాడు. సిలువ అన్నాను. విప్పి చూసి, ఇంత బరువు సిలువ ఎందుకన్నాడు. మోసినవాణ్ణి అడగాలి, నేను దూరపు చుట్టాన్ని అన్నాను. ఇష్తియాక్ నవ్వాడు. వాడితో కలిసి నవ్వకూడదనుకుని కిటికీ వైపు తిరిగాను.

కింద బెర్తు నాకిచ్చి వాడు పైకెక్కాడు. పైనుంచి మనిషిని గమనించడం సులువు.

సెప్టెంబరు 12

బస్సు. ఊపిరి అందడం లేదు. ఏదో మాత్ర ఇచ్చాడు. మింగినట్టు నటించి జేబులో వేసుకున్నాను. ఒకటి తనూ వేసుకున్నాడు. అది వేరే రంగు.

సెప్టెంబరు 13

ఊరు చేరాం. పేరు రెండుసార్లు అడిగాను, నోట పట్టలేదు. పలకల ఇళ్లు, కప్పుల మీద ఆరబోసిన మొక్కజొన్న. ఊరి చివర గోడ వారన జాన్సన్ ఉన్నాడు. చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. గడ్డి ఎవరో ఎప్పటికప్పుడు కోస్తున్నట్టుంది.

"ఎవరు చదివార్రా ప్రార్థన?"

"నేనే అన్నా. ఇక్కడ ఫాదర్లు ఎవరున్నారు?"

"నువ్వేం చదివావు?"

"పరలోక జపం. పదహారేళ్లు రోజూ పొద్దున్నే పక్కసీట్లో విన్నాగా. సగం వరకే వచ్చు. అక్కడికొచ్చేసరికి ఆయన గేరు మార్చేవాడు, ఆ చప్పుడులో మిగతాది వినపడేది కాదు."

మిగతా సగం నేను చదివాను. వాడు ఆ రాళ్ల బయటే నుంచున్నాడు. మంచివాడిలా ఉండటం తెలిసినవాడు. జాగ్రత్తగా ఉండాలి.

సెప్టెంబరు 14

చెరువు చూశాను. వరసగా రాయాలి. లేకపోతే చెయ్యి కథలోకి పోతుంది.

ఊరి నుంచి మూడు గంటలు. నేను కంచరగాడిద మీద. దాని యజమాని నాకంటే ముసలివాడు, నడిచే వచ్చాడు. దేవదారు చెట్లు అయిపోయాక కాగితంలా బెరడు ఊడే చెట్లు వచ్చాయి. అవీ అయిపోయాక ఎర్రబడుతున్న పొదలు. పొదలు ఆగిన చోట గొర్రెలు, గొర్రెలు ఆగిన చోట ఉత్త రాళ్లు. ఆఖరి మలుపు తిరిగేసరికి ఎదురుగా గట్టు.

గట్టే. విల్లులా వంగి, ఈ కొండ నుంచి ఆ కొండకి అడ్డంగా, రెండు తాటిచెట్ల ఎత్తు. గాడిద దిగి చేత్తో తడిమి చూశాను. లారీ క్యాబిన్ అంత బండ పక్కనే కోడిగుడ్డంత రాయి, దాని పక్కనే పిండిలాంటి మట్టి. ఏ కాంట్రాక్టరు ఇలా పోసినా మా సూపర్వైజరు సంతకం పెట్టడు. ఎవరు వేశారని సైగ చేశాను. ముసలాయన రెండు అరచేతులూ చాచి, కొండమీద నుంచి దేన్నో నెట్టుకుంటూ వచ్చినట్టు నాలుగడుగులు నడిచాడు. అక్కడ ఆగి చేతులు వదిలేశాడు. "బరఫ్" అన్నాడు. అది నాకూ తెలుసు. ఒకప్పుడు మంచు ఏరులా దిగుతూ దారిలో ఉన్నదంతా తోసుకొచ్చి ఇక్కడ కుప్పపోసి, కరిగి పోయిందన్నమాట. దాని వెనక మిగిలిన నీళ్లే చెరువు.

మనిషి వెయ్యని గట్టు. ఇష్తియాక్ ఆ ఒక్క ముక్కలో అబద్ధం ఆడలేదు.

అంతలో గట్టు కిందనుంచి నీళ్లు కారడం కనిపించింది. ఒకచోట కాదు, పదిచోట్ల. మా దగ్గర గట్టు ఇలా కారితే తెల్లారేసరికి గండి. "ఇసక బస్తాలు తెప్పించండి, ఊరికి కబురు పెట్టండి!" అని అరిచాను. ఇష్తియాక్ హిందీలో చెప్తే ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. వాళ్ల తాత చిన్నప్పటినుంచీ కారుతూనే ఉందట. ఊళ్లో తాగేది ఆ నీళ్లేనట.

గట్టు ఎక్కి లోపలికి చూశాను. రెండెకరాలు ఉంటుంది. మూడు పక్కలా నిలువు బండలు, ఒక మూల మట్టికొట్టుకున్న మంచు ముక్క, దాని నుంచి సన్నటి ధార. గుర్రపు డెక్క లేదు. తామరాకు లేదు. కప్ప లేదు. గేదె లేని చెరువును నేను పుట్టి ఎరగను. గాలి లేదు, నీళ్ల మీద ముడత లేదు. వంగి వాసన చూశాను. ఏ వాసనా లేదు. కృష్ణ నీళ్లకి మట్టి వాసన, పంటకాలువకి బురద వాసన, లాకుల దగ్గర నాచు వాసన. వాసన లేని నీళ్లు మొహం దాచుకున్న మనిషిలాంటివి.

కానీ ఎంత తేట! ఒడ్డున రాయి ఎక్కడ అయిపోయిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఒకదానికి తెల్లటి చార కూడా ఉంది. ఒడ్డుకి నాలుగడుగుల అవతల, మోకాలి లోతులో ఒక పలకరాయి. దాని మీద నుంచుని చూస్తే జాన్సన్ పడిన చోటు తిన్నగా కనిపిస్తుందనుకున్నాను. బూట్లు విప్పాను. ప్యాంటు మడిచాను. ఇష్తియాక్ వెనకాల ఉన్నాడు. ఉన్నాడని నాకు తెలుసు.

కాలు చాపానో లేదో కాలర్ పట్టుకుని వెనక్కి విసిరేశాడు. రాళ్ల మీద పడ్డాను. అరచెయ్యి చీరుకుపోయింది.

"ఏరా, నన్ను కూడానా!" అని అరిచాను. రెండేళ్లు ఎదుటివాళ్ల నోట పలికించిన మాట నా నోటినుంచే వచ్చేసింది.

వాడు అది విన్నట్టు లేడు. నీళ్లకేసి వేలు చూపిస్తున్నాడు. "మోకాలి లోతు కాదన్నా అది! మోకాలి లోతు కాదు!"

గాడిద తాడు విప్పి, దాని కొసకి రాయి కట్టి, నేను కాలు పెట్టబోయిన చోటే వదిలాడు. ఒక బార దిగింది. రెండు. మూడు. నాలుగో బారకి తాడు అయిపోయింది, రాయి ఇంకా నేలని తాకలేదు. గులకరాళ్లు మాత్రం అలాగే చెయ్యి చాపితే అందేలా కనిపిస్తున్నాయి.

ముసలాయనకి అర్థమైనట్టుంది, ఆ రోజు తను చూసింది చేసి చూపించాడు. సాక్షి మాటని ముద్దాయి తర్జుమా చేస్తే నేను నమ్మేవాణ్ణి కాదు, కానీ తర్జుమా అవసరం రాలేదు. పరిగెత్తుకొచ్చాడు. నీళ్లలో దిగినవాడు అప్పటికే మునిగిపోయాడు. ఇంకొకడు మెడలోతు నీళ్లలో ఒక చేత్తో బండ పట్టుకుని, రెండో చేత్తో లుంగీ కొస విసురుతున్నాడు, విసురుతూనే ఉన్నాడు. ఇష్తియాక్‌ని తనే మెడ పట్టి బయటికి లాగినట్టు చూపించాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, పిడికిలి బిగించి చటుక్కున ఆపేశాడు. ఆ చలి అంతే, ఈత వచ్చినా రాకపోయినా అని.

నేను రాళ్ల మీద కూర్చుని నా పద్ధతిలో ఆలోచించాను. పలకరాయి అన్నది నా మనసులో మాట. మోకాలి లోతన్నదీ మనసులో మాటే. పైకి అనలేదు. వాడికెలా తెలిసింది?

"మోకాలని నీకెవరు చెప్పార్రా?"

తాడు పైకి లాగి చుట్టడం మొదలుపెట్టాడు.

"వాడు చివరగా ఏమన్నాడు?"

"వదిలెయ్యన్నా."

"రెండేళ్లు వదల్లేదు, ఇప్పుడు వదులుతానా?"

తల దించుకుని చెప్పాడు. జాన్సన్ చొక్కా విప్పి బండమీద పెట్టాడట. లోతు చూసుకోమని ఇష్తియాక్ అంటే నవ్వాడట. "అడుగు కనపడుతోంది కదరా! అడుగు కనిపిస్తే మోకాలి లోతు, కనిపించకపోతే మొలలోతు, నల్లగా ఉంటే మొక్కుకో. మా అన్న లెక్క, ఎప్పుడూ తప్పలేదు" అన్నాడట.

దిగాడట.

సెప్టెంబరు 15

సిలువ పాతాం. నేనెప్పుడూ ఆ మాట అనలేదు.

సెప్టెంబరు 16

కాలువల మీద అందరూ అనే మాటే అది. ఎవరి దగ్గర విన్నాడో.

సెప్టెంబరు 18

రైలు. కాలువల మీద ఎవరూ అనరు. నేనే కట్టాను.

ఉద్యోగంలో కొత్తగా చేరాను, ఇరవై నాలుగేళ్లు. వాడికి పది. గట్టు మీద సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాణ్ణి. ఐదో తరగతితో ఆగిన చదువు. పొట్లాల కాగితాలన్నీ చదివి మాటలు పోగేసేవాణ్ణి. మో, మొ, మొ అని కుదిరేసరికి పండితుణ్ణయిపోయానని మురిసిపోయాను. వాడిచేత వల్లె వేయించాను. తప్పు కాదు కూడా. కృష్ణ నీళ్లలో జానెడు కిందికి ఏదీ కనిపించదు. అడుగు కనిపించిందంటే పైన నీళ్లు కట్టేసినట్టే, పిల్లాడు కూడా నడిచి దాటొచ్చు. ముప్పై నాలుగేళ్లలో ఆ లెక్క నాకు ఒక్కసారీ తప్పలేదు.

ఇష్తియాక్ టీ తెచ్చాడు. "ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెప్తే మీరు మంచం దిగేవారా? నామీద అనుమానంతో అయితే రోజూ కొట్టు దాకా నడిచొచ్చేవారు. ఆరోగ్యంగా ఉన్నారు."

"నీ పని పోయింది. పేరు పోయింది."

"పోయింది." టీ నా చేతిలో పెట్టి మళ్లీ అన్నాడు: "ఇప్పుడు కూడా చెప్పొద్దన్నా. వదినకి అసలే చెప్పొద్దు. నాకు అలవాటైంది."

పై బెర్తు ఎక్కబోతే చెయ్యి పట్టి ఆపాను. కిందనే ఇద్దరం కూర్చున్నాం. ఏం మాట్లాడాలో తెలియలేదు. నాకు!

సెప్టెంబరు 21

జక్కయ్య కొట్టు. ప్రమాదమేనని చెప్పాను. ఇష్తియాక్ తప్పేమీ లేదు, కాపాడబోయి తనూ పోవాల్సినవాడు, ముసలాయన సాక్షి, అన్నీ చెప్పాను. జీవితంలో ఇంత అధ్వాన్నంగా ఏ కథా చెప్పలేదు.

"యాత్ర బాగా చేయించాడన్నమాట ఇష్తియాకు" అన్నాడు జక్కయ్య.

"అది కాదురా..."

"ఈతగాడు తెలియని నీళ్లలోకి ఎందుకు దిగాడయ్యా మరి?"

జవాబు నా దగ్గర ఉంది. నోటిదాకా వచ్చింది. టీతో మింగేశాను.

"ముందు కథే బాగుంది శౌరయ్యా" అన్నాడు బ్యాటరీల ఆయన. మూడు వారాల క్రితం నన్ను అండీ అనేవాడు.

సెప్టెంబరు 23

ఇవాళ మబ్బు కలిపాను. కొండల్లో మబ్బు ఉన్నట్టుండి దిగుతుంది, ఎదర మనిషి కనిపించడు. ఒడ్డు ఏదో నీళ్లేవో తెలియక అడుగు వేశాడు. కంచరగాడిద భయపడి అరిచింది. గాడిద అరుపు దగ్గర జక్కయ్య గరిట పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అట్టా చెప్పవేంటయ్యా మొన్న!" అన్నాడు.

నమ్మారు. సాయంత్రం రెండు రేడియేటర్లు ఇష్తియాక్ కొట్లోకి వెళ్లాయి.

సెప్టెంబరు 24

మబ్బు వల్ల ఎవరికీ నష్టం లేదు. ఇష్తియాక్ మీద మచ్చ పోయింది కదా. ఏ కథకైనా కాస్త వాతావరణం ఉండాలి.

సెప్టెంబరు 26

తెరేసమ్మ పిలిపించింది. కుర్చీ వేసింది. కూర్చోకముందే అడిగింది.

"మబ్బు కమ్మిందని జక్కయ్య చెప్పాడు. నిజమేనా బావగారూ?"

"కొండల్లో అంతేనమ్మా."

లోపలికెళ్లి జాన్సన్ ఫోను తెచ్చింది. చొక్కాతో పాటు బండమీద దొరికితే ఇష్తియాక్ తెచ్చి ఇచ్చాడట. రెండేళ్లుగా దానికి చార్జింగు పెడుతూనే ఉంది. చివరి ఫోటో తీసి నా ముందు పెట్టింది. చెరువు. కళ్లు చెదిరే ఎండ. అడుగున గులకరాళ్లు.

"ఇది నాకెప్పుడూ చూపించలేదేమమ్మా?"

"మీరెప్పుడూ అడగలేదు. మీరు చెప్తూ ఉండేవారు." ఫోటోని వేళ్లతో పెద్దది చేసింది. "రాళ్లు లెక్కపెట్టేంత ఎండ బావగారూ. మబ్బెక్కడిది?"

అప్పుడు చెప్పాను. మొదటినుంచి కాదు, ఆగవలసిన చోట ఆగుతూ కాదు. జాన్సన్ ఏమన్నాడో అది చెప్పాను. ఆ మాట ఎవరిదో చెప్పాను.

ఫోను చేతిలోకి తీసుకుంది. కొంగుతో తుడిచింది. "మన కాలువలో అయితే అది నిజమే కదండీ" అంది. తిట్టినా బాగుండేది.

నేను లేస్తుంటే అంది: "ఇష్తియాక్ అన్నయ్య ఇది ఆమినాబీకైనా చెప్పుకుని ఉండడు. ఇవాళ్టికీ ఆవిడకి తెలిసుండదు మొగుడు ఎలాంటివాడో. మీరు జక్కయ్య కొట్టు దగ్గర ఆ మబ్బు తీసెయ్యండి."

సెప్టెంబరు 27

పదింటికి కొట్టు నిండుగా ఉంది. ఇష్తియాక్‌ని వాడి కొట్లోంచి చెయ్యి పట్టి తీసుకొచ్చి నా పక్కన బల్లమీద కూర్చోబెట్టాను. చేతులకి ఇంకా తడి ఉంది, ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు.

"ఆ రోజు మబ్బు లేదు" అన్నాను.

"అదేంటయ్యా, మొన్నే కదా..." అన్నాడు జక్కయ్య.

"లేదు. ఎండ. గాడిద కూడా అరవలేదు. అది నేను కలిపాను."

"మరి ఎందుకు దిగాడు?"

ఇష్తియాక్ నా మోచెయ్యి నొక్కాడు. వద్దని. చెప్పాను. మోకాలు, మొల, మొక్కుకో, మూడూ చెప్పాను. వాడికి పదేళ్లప్పుడు వల్లె వేయించింది నేనేనని చెప్పాను. ఇష్తియాక్ రెండేళ్లు నోరు మూసుకున్నది నాకోసమని, ఆ రెండేళ్లూ నేను నోరు తెరిచింది వాడి మీదేనని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. బ్యాటరీల ఆయన గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆయన ఏమనుకున్నాడో తెలియదు. జక్కయ్య స్టవ్వు తగ్గించి, మొదటి గ్లాసు ఇష్తియాక్‌కి ఇచ్చాడు. "ఇష్తియాక్ గారూ, చక్కెర సరిపోయిందా?" అన్నాడు. వాడు గ్లాసు రెండు చేతులా పట్టుకుని తలూపాడు.

పోయేముందు ఇష్తియాక్ అన్నాడు, "చాలన్నా, అయిపోయింది. రేపు రావద్దు, ఇంటి దగ్గర పడుకోండి."

ఎలా సరిపోతుంది? ఆ కథ రెండేళ్లు చెప్పాను. ఈ నిజం చెప్పింది ఒక్కరోజే.